ఏడో బెడ్ పాఠం

ఆసుపత్రి అడుగున, బట్టలుతికే గదికీ పాత ఫైళ్ళ గదికీ మధ్యన, ఒక వార్డుంది. అందులో ఒకటే మంచం. ఆ మంచం మీద ఎప్పుడూ ఒకడే రోగి. రోజుకి నాలుగుసార్లు చస్తాడు, నాలుగుసార్లు బతికొస్తాడు. పొద్దున్నే గుండెపోటు, పదింటికి విషం, భోజనాలయ్యాక లారీ కింద పడటం, సాయంత్రం అందరూ ఇళ్ళకెళ్ళే ముందు ఇంకేదో ఒకటి. ఇన్ని చావులు చచ్చినా ఎవరిమీదా ఫిర్యాదు చెయ్యడు. చెయ్యడానికి మనిషి కాదు కదా. పైన రబ్బరు చర్మం, లోపల తీగలు, గాలితిత్తులు. డాక్టర్లు కాబోయే పిల్లలు ప్రాణమున్న మనిషి మీద చెయ్యి వేసేలోపు తప్పులన్నీ ఈయన మీదే చేసెయ్యాలని, చంపితే ఈయన్నే చంపాలని తెప్పించిన బొమ్మ. పేరు పెద్దాయన.

పెద్దాయన ఊపిరి పీలుస్తాడు, కళ్ళు ఆర్పుతాడు, మణికట్టు పట్టుకుంటే నాడి తగులుతుంది. మాట్లాడతాడు కూడా. ఆ మాటలు మాత్రం ఆయనవి కావు. మంచానికి ఎదురుగా గోడంత అద్దం ఉంది. మంచం వైపు నుంచి చూస్తే అద్దం, వెనకనుంచి చూస్తే కిటికీ. ఆ వెనక చిన్న చీకటి గదిలో కంప్యూటరు ముందు కూర్చుని మైకులో మాట్లాడే నర్సువి ఆ మాటలు. యంత్రం ఆమె గొంతుని మగగొంతు చేసి పెద్దాయన నోట్లోంచి పలికిస్తుంది. పిల్లలు ఆమెకి గొంతక్క అని పేరు పెట్టారు. ఆమె అయ్యో, అమ్మా అని మూలుగుతుంటే పైన వార్డులో నిజం రోగులు కూడా అంత బాగా మూలగరని చెప్పుకునేవాళ్ళు.

గొంతక్క పైన పదకొండేళ్ళు పనిచేసింది. మూడేళ్ళ కిందట అడిగి మరీ ఈ అడుగు వార్డుకి మార్పించుకుంది. ఎందుకని అడిగితే మెట్లెక్కలేక అని చెప్పేది. లిఫ్టున్న ఆసుపత్రిలో ఆ సమాధానం ఎవరికీ నమ్మబుద్ధి కాలేదు గానీ, ఎవరూ గుచ్చి గుచ్చి అడగలేదు.

ఈ వార్డుకి రెండు పద్ధతులున్నాయి. మొదటిది, ఇక్కడ ఆడే నాటకాలన్నీ పైన జరిగిన చావులే. పైన ఎవరైనా పోకూడని విధంగా పోతే, పెద్ద డాక్టర్లు నలుగురు కూర్చుని ఫైలు చదివి, తప్పెక్కడ జరిగిందో పట్టుకుని, దాన్నే పాఠంగా రాస్తారు. అదే రోగం, అవే మాటలు, అవే నిమిషాలు. పిల్లలు దాన్ని మళ్ళీ మళ్ళీ ఆడతారు, ఆ తప్పు ఇంకోసారి చెయ్యకుండా ఉండేందుకు. రెండో పద్ధతి, నాటకం మధ్యలో ఎవరికైనా నిజంగా ఏదైనా అయితే, గదిలో ఉన్న మనిషెవరైనా "ఇది నిజం" అని మూడుసార్లు అనాలి. అనగానే అంతా ఆగిపోతుంది. పెద్దాయన నోట్లోంచి వస్తే మాత్రం ఆ మాట చెల్లదు. ప్రాణం మీదికొచ్చిన రోగి లక్ష అంటాడు, ఏమన్నా చేసే పని ఆపొద్దని పిల్లలకి మొదటి రోజే నూరిపోస్తారు.

పాఠాలన్నిట్లోకీ పేరుమోసింది ఏడో బెడ్.

ఏడో బెడ్ మీద మూడేళ్ళ కిందట ఒక వడ్రంగి ఉండేవాడు. ఇంటికప్పు వేస్తూ జారిపడి పక్కటెముకలు చిట్లించుకుని వచ్చాడు. పెద్ద పెద్ద చేతులు. ఎన్నిసార్లు సబ్బుతో కడిగినా ఆయన దగ్గర కోసిన చెక్క వాసన పోయేది కాదు. అందరినీ అమ్మా, బాబూ అని పిలిచేవాడు. మర్నాడు ఇంటికి పంపుదామనుకుంటుండగా, పొద్దున పదకొండింటికి ఉన్నట్టుండి లేచి కూర్చుని ఊపిరి ఆడటం లేదమ్మా అన్నాడు. చిట్లిన ఎముక ఊపిరితిత్తికి చిల్లు పెట్టింది. ఆ చిల్లులోంచి వచ్చిన గాలి బయటికి పోయే దారిలేక ఛాతీలోనే పేరుకుపోయి గుండెని పక్కకి తోసేస్తోంది. అలాంటప్పుడు కాలరెముక కింద ఒక లావు సూది గుచ్చితే గాలి బుస్సున బయటికొచ్చి మనిషి బతుకుతాడు. ఏ వైపు గుచ్చాలో తెలియాలంటే ఛాతీకి రెండు వైపులా చెవి పెట్టి వినాలి. దానికి పది సెకన్లు చాలు.

ఆ రోజు డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరు ఆ పది సెకన్లు ఆగలేదు. ఎడమ వైపు గుచ్చాడు. వడ్రంగికి అప్పటికే మాట పోయింది. కుడిచేత్తో తన కుడి ఛాతీ మీద దబదబా కొట్టుకున్నాడు, డాక్టరు మణికట్టు దొరకబుచ్చుకుని ఇటు లాగాడు. డాక్టరు విదిలించుకుని, సిస్టర్, చేతులు పట్టుకోండి అని అరిచాడు. ఆ సిస్టరు గొంతక్కే. ఆమె ఆ పెద్ద చేతిని మంచానికేసి అదిమి, సరిపోక మోకాలు కూడా దానిమీద పెట్టి, భయం లేదు, కదలకుండా ఉండండి, ఇంకొక్క నిమిషంలో అయిపోతుంది అని చెప్పింది. అన్నట్టే ఒక్క నిమిషంలో అయిపోయింది. ఆ తర్వాత గుండె మీద అరగంట నొక్కారు. చిట్లిన ఎముకలు అరచేతుల కింద ఒక్కొక్కటే విరగడం ఆమె వింది.

ఫైల్లో మాత్రం చిన్న డాక్టరు ఎడమ వైపు ఊపిరితిత్తి అని రాశాడు. సూది ఎడమవైపే గుచ్చామనీ, కాస్త ఆలస్యమైందనీ, రోగి కంగారుపడుతుంటే పట్టుకోవలసి వచ్చిందనీ రాశాడు. పోస్టుమార్టం జరగలేదు. ఫైలు చదివిన పెద్దలు తప్పంతా ఆలస్యానిదేనని తేల్చారు. అలా పుట్టింది పాఠం. ఏడో బెడ్, ఎడమ వైపు, అర నిమిషంలో సూది. మూడేళ్ళుగా వందలమంది పిల్లలు దాన్ని నేర్చుకుని పైకెళ్ళారు. గొంతక్క నోరు విప్పలేదు. నొప్పికి కొట్టుకున్నాడు, చూపించలేదు అని తనకి తనే చెప్పుకుని కడుపులో పెట్టుకుంది. రోజూ ఆయన మాటలు ఆయన మాదిరే పలుకుతుంటే ఆ పాపం కొంచెం కొంచెంగా కరిగిపోతుందని ఆమె ఆశ. అది ఎంతకీ కరగలేదన్నది వేరే సంగతి.

ఆమెకి ఒక తమ్ముడున్నాడు. ఇంట్లో చిన్నోడంటారు. ఆరడుగుల మనిషైనా ఆ పేరు పోలేదు. చదువులో చురుకే, పుస్తకం అడిగితే పేజీ నంబరుతో సహా చెబుతాడు. మనిషి ముందు నిలబెడితే మాత్రం చేతులు వణుకుతాయి. ఈ అడుగు వార్డు పరీక్ష రెండుసార్లు తప్పాడు. రెండుసార్లూ పెద్దాయన చచ్చిపోతుంటే మంచం పక్కన నిలబడి నీళ్ళు నమిలాడు. మూడోసారీ తప్పితే కాలేజీలో పేరు కొట్టేస్తారు. ఆ ఊసెత్తితే వాళ్ళమ్మ అన్నం ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి మళ్ళీ కంచంలో పెట్టేసేది.

అందుకని గొంతక్క చెయ్యకూడని పని చేసింది. పరీక్షలో ఏ పాఠం వస్తుందో ఆమెకి వారం ముందే తెలుస్తుంది. తమ్ముడి చెవిన వేసింది. ఇంట్లో వంటగది నేల మీద తలగడ పడుకోబెట్టి, దానికి ఎడమవైపు బొట్టుబిళ్ళ అంటించి, అక్కడ గుచ్చరా అని రోజుకి ఇరవైసార్లు చేయించింది. ఆ తలగడ మీద ఇంక తల పెట్టుకోవడానికి లేదు, దూదంతా బయటికొచ్చిందని వాళ్ళమ్మ సణిగింది. నాలుగోరోజుకి వాడి చేతులు వణకడం మానేశాయి. ముందే తెలిసిన సమాధానానికి వణుకెందుకు ఉంటుంది మరి.

"స్టెతస్కోప్ పెట్టి వినక్కర్లేదా అక్కా?" అని ఒకసారి అడిగాడు.

"వింటూ కూర్చుంటే ఆలస్యమైందని మార్కులు కోసేస్తారు. ఎడమవైపు. కళ్ళు మూసుకుని గుచ్చెయ్" అంది ఆమె.

పరీక్ష మధ్యాహ్నం రెండింటికి. నేలమాళిగలో పగలూ రాత్రీ ఒకటే, ఎప్పుడూ అదే తెల్లటి ట్యూబులైట్ల వెలుగు. పక్కగదిలో బట్టలుతికే యంత్రాలు గుర్రుగుర్రుమంటున్నాయి. స్పిరిటు వాసన, రబ్బరు వాసన, ఎవరో తిని మూత పెట్టని టిఫిను డబ్బా వాసన. పరీక్ష చేసే పెద్ద డాక్టరు గారు మూడో అంతస్తులో తన గదిలో టీవీ ముందు కూర్చుని మార్కులేస్తారు. ఆయన మాట గొంతక్క హెడ్‌ఫోనుకి మాత్రమే వినిపిస్తుంది. కానివ్వమ్మా అన్నారాయన.

చిన్నోడు లోపలికొచ్చాడు. వాడితో ముగ్గురు. ఒక పొడుగమ్మాయి, ఒక కళ్ళజోడబ్బాయి, రాసుకోవడానికి ఇంకో అమ్మాయి. చిన్నోడే నాయకుడు. అద్దం వైపు తిరిగి, అక్క కనిపించకపోయినా కొంచెం నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆమెకి ప్రాణం లేచొచ్చింది. మైకు నొక్కి మొదటి మాట పలికింది.

"ఊపిరి ఆడటం లేదమ్మా..."

చిన్నోడు ఎంత చక్కగా చేశాడంటే చెప్పలేం. గొంతు వణకలేదు. నాడి చూడమన్నాడు, ఆక్సిజన్ పెట్టమన్నాడు, సూది అందుకున్నాడు. స్టెతస్కోపు మెడలోనే వేలాడుతోంది. ఎడమ కాలరెముక కింద రెండు వేళ్ళు కొలిచి కసుక్కున దించాడు. ఇరవై ఆరు సెకన్లు. మూడో అంతస్తునుంచి పెద్ద డాక్టరు గారు మెచ్చుకోలుగా గొంతు సవరించుకున్నారు.

ఇప్పుడు గాలి బుస్సుమనాలి. మానిటరు మీద అంకెలు పైకెక్కాలి. గొంతక్క దానికోసం పెట్టిన మీట నొక్కింది కూడా.

అంకెలు కిందికి దిగాయి.

మళ్ళీ నొక్కింది. తొంభై. డెబ్భై ఎనిమిది. అరవై. ఎడమ ఛాతీ బాగానే లేస్తోంది. కుడి ఛాతీ... కుడి ఛాతీ ఉబ్బి బిగుసుకుపోయి కదలకుండా ఉంది. కంప్యూటర్లో మాత్రం కుడి బాగానే ఉందని ఆకుపచ్చ దీపం వెలుగుతోంది.

"అటు కాదు బాబూ."

పెద్దాయన నోరు మెదిలింది. గొంతక్క పెదవులు మూసే ఉన్నాయి. మైకు మీద ఎర్రదీపం ఆరే ఉంది. ఆమె వేళ్ళు కంప్యూటరు మీద బిగుసుకుపోయాయి. ఆ గొంతు యంత్రం మార్చిన తన గొంతు కాదు. మూడేళ్ళ కిందట తన మోకాలి కింద ఆగిపోయిన గొంతు.

చిన్నోడు అద్దం వైపు అయోమయంగా చూశాడు. అక్క తనని పరీక్షించడానికి కొత్తమాట కలిపిందనుకున్నాడు పాపం. భయం లేదండీ, అంతా బాగానే ఉంది అని బొమ్మకి ధైర్యం చెప్పాడు.

అప్పుడు పెద్దాయన కుడిచెయ్యి లేచింది.

ఆ చేతిలో మోటారు లేదు. మడిస్తే మడుస్తుంది, వదిలితే పడుతుంది, అంతకంటే దానికేం చేతకాదు. అది లేచి, కుడి ఛాతీ మీద కొట్టుకుంది. దబ్. దబ్. దబ్. ఇది కొత్తగా పెట్టారా అని కళ్ళజోడబ్బాయి నవ్వాడు. చెయ్యి చిన్నోడి మణికట్టు పట్టుకుని లాగింది.

"చేతులు పట్టుకోండి" అన్నాడు చిన్నోడు.

కళ్ళజోడబ్బాయి మంచమెక్కి ఆ చేతిని అదిమాడు. గదిలో ఏదో వాసన వచ్చినట్టుంది, పొడుగమ్మాయి ముక్కు ఎగబీల్చింది. అద్దం ఇవతల చీకట్లోకి కూడా వచ్చిందది. అప్పుడే కోసిన చెక్క వాసన.

మానిటరు మీద గీత ఎగుడుదిగుడు లేకుండా సాపైపోయింది. గుండె ఆగింది, నొక్కుతున్నాను అని చెప్పి చిన్నోడు పీట ఎక్కాడు. రెండు చేతులూ కలిపి పెద్దాయన రొమ్ము మీద పెట్టి నొక్కడం మొదలుపెట్టాడు. సరిగ్గా నొక్కితే లోపలి స్ప్రింగు టిక్ మంటుంది. టిక్. టిక్. టిక్. నాలుగోసారి టిక్ మనలేదు. ఫట్ మంది. ఆ చప్పుడు గొంతక్కకి తెలుసు. ఈ లోకంలో ఏ స్ప్రింగూ అలా చప్పుడు చెయ్యదు.

ఫట్. ఎడమవైపు గుచ్చిన సూది పక్కనుంచి నెత్తురు చిమ్మింది. రంగునీళ్ళు కాదు. చిక్కగా, వేడిగా, నురగతో. చిన్నోడి మొహం మీద, పొడుగమ్మాయి మెడ మీద పడింది. పొడుగమ్మాయి మోచేత్తో తుడుచుకుని, బాగా చేశారు ఈసారి అని మెచ్చుకుంది. ఫట్. రబ్బరు చర్మం చీలి తెల్లటి ఎముక మొన బయటికొచ్చి చిన్నోడి అరచేతిలో దిగబడింది. వాడు చెయ్యి లాక్కోబోయాడు. రాలేదు. కళ్ళజోడబ్బాయి పట్టు విడిపించుకున్న ఆ రబ్బరు చెయ్యి వాడి రెండు మణికట్లనీ కలిపి పట్టుకుని, తనే తన రొమ్ముకేసి నొక్కించుకుంటోంది.

ఫట్.

గొంతక్క చూసింది. వాడు నొక్కిన ప్రతిసారీ వాడి తెల్లచొక్కా లోపలికి పోతోంది. రొమ్ము మధ్యలో గుంట. లేస్తోంది. మళ్ళీ గుంట. వాడి నోరు తెరుచుకుంది. మాట రాలేదు. గులాబిరంగు నురగ గడ్డం మీదుగా కారింది. వాడి కళ్ళు అద్దంలోకి, సరిగ్గా ఆమె ఉన్నచోటికి చూశాయి.

అలిసిపోయావు, నేను నొక్కుతా అని పొడుగమ్మాయి వాడిని భుజాలు పట్టి లాగింది. రబ్బరు చెయ్యి వదిలేసింది. వాడు వెనక్కి పడ్డాడు. తల నేలకి కొట్టుకున్న చప్పుడు హెడ్‌ఫోనులో వినిపించింది. ముగ్గురూ ఒక్కసారి చూశారు. ఒక్కసారే. కిందటేడు పరీక్షలో ఇలాగే ఒకావిడని రోగి చెల్లెలిగా పెట్టి, మధ్యలో మూర్ఛపోయినట్టు నటింపజేశారు. ఆవిడ దగ్గరికి పరిగెత్తిన వాళ్ళందరికీ మార్కులు పోయాయి. పిల్లలకి అది బాగా ఒంటబట్టింది.

"వాడి సంగతి తర్వాత. రోగిని వదలొద్దు" అంది పొడుగమ్మాయి.

నొక్కింది.

నేల మీద చిన్నోడి ఛాతీ ఎగిరిపడింది. ఎవరూ ముట్టుకోకుండానే. ఫట్. పొడుగమ్మాయి నొక్కింది. ఫట్. వాడి మడమలు నేలకేసి కొట్టుకున్నాయి. ఫట్. నోట్లోంచి నెత్తురు ఎగజిమ్మి మంచం కాళ్ళ మీద పడింది.

నర్సు తన సొంత గొంతుతోనే మాట్లాడాలంటే మైకుకి వేరే మీట ఉంది. అది నొక్కితే కప్పులోని స్పీకరు పలుకుతుంది. గొంతక్క దాన్ని నొక్కిపట్టి అరిచింది. ఇది నిజం. ఇది నిజం. ఇది నిజం.

కప్పు పలకలేదు. పెద్దాయన నోరు తెరుచుకుంది. బొంగురు మగగొంతు, మెల్లగా, బతిమాలుతున్నట్టుగా అంది.

"ఇది నిజం... ఇది నిజం... మా తమ్ముడు చచ్చిపోతున్నాడు... ఆపండమ్మా..."

"మతి తప్పి మాట్లాడుతున్నాడు, రాసుకో" అన్నాడు కళ్ళజోడబ్బాయి. రాసే అమ్మాయి రాసుకుంది. పొడుగమ్మాయి మంచి మనసున్న పిల్ల. నొక్కుతూనే వంగి పెద్దాయన చెవి దగ్గర ఓదార్పుగా చెప్పింది.

"భయం లేదు సార్. కదలకుండా ఉండండి. ఇంకొక్క నిమిషం."

ఆ రోజు గొంతక్క వడ్రంగికి చెప్పిన మాటలవి. ఆ మాటలు పాఠంలో లేవు. ఎవరూ రాయలేదు, ఎవరూ నేర్పలేదు. హెడ్‌ఫోనులో పెద్ద డాక్టరు గారు ముచ్చటపడుతున్నారు. ఇవాళ భలే చేయిస్తున్నావమ్మా, మీవాడు కూడా ఎంత బాగా పడ్డాడు, కానివ్వు, కానివ్వు.

ఆమె హెడ్‌ఫోను పీకి పారేసి పరిగెత్తింది. అద్దం అవతలే ఉన్న గదికి వెళ్ళాలంటే నడవా అంతా చుట్టి రావాలి. బట్టల గది దాటి, ఫైళ్ళ గది దాటి, రెండు తలుపులు. గోడ అవతలనుంచి ఫట్ మని ఒకటి. రెండు. కాలు జారి పడింది, మోచిప్ప పగిలినంత పనైంది, లేచింది. మూడు. తలుపు తోసింది.

అరిస్తే నమ్మరని ఆమెకి అప్పటికే తెలుసు. పొడుగమ్మాయి జడ పట్టుకుని వెనక్కి ఈడ్చి గోడకేసి కొట్టింది. కళ్ళజోడబ్బాయి అడ్డం రాబోతే మొహం మీద గుద్దింది. కళ్ళజోడు పగిలి వాడి చెంప తెగింది. అప్పుడు నిలబడి, తన సొంత నోటితో, ఇది నిజం అని మూడుసార్లు అంది. మూడోసారికి రాసే అమ్మాయి చేతిలోంచి కాగితాలు జారిపోయాయి. ముగ్గురి మొహాలూ పాలిపోయాయి. అప్పుడు చూశారు వాళ్ళు నేల మీద ఉన్నదాన్ని.

చిన్నోడి పెదవులు నల్లబడ్డాయి. మెడలో నరాలు తాళ్ళలా ఉబ్బాయి. ఇంకా చావలేదు. కుడిచెయ్యి కొంచెం లేపాడు. తన కుడి ఛాతీ మీద వేసుకున్నాడు. జారిపోయింది. మళ్ళీ వేసుకున్నాడు.

"ఎడమవైపు అక్కా, ఎడమవైపే కదా!" అంటూ కళ్ళజోడబ్బాయి చెంప కారుతుండగానే కొత్త సూది తీసుకుని వాడి ఎడమ కాలరెముక మీదికి వంగాడు. మంచి విద్యార్థి, నేర్పిందే చేస్తున్నాడు. గొంతక్క ఆ చేతిని కాలితో తన్నింది. సూది ఎక్కడికో ఎగిరిపోయింది.

మోకాళ్ళ మీద కూర్చుని తమ్ముడి చొక్కా చింపింది. చెవి పెట్టింది. ఎడమవైపు, తడితడిగా, దూరంగా, గాలి పోతోంది వస్తోంది. కుడివైపు ఏమీ లేదు. నిశ్శబ్దం. పది సెకన్లు. ఆ పది సెకన్లలో వాడు చచ్చిపోతాడేమోనని ఆమెకి ఒళ్ళంతా చెమట పట్టింది. అయినా ఆగింది. మూడేళ్ళ తర్వాత మొదటిసారి ఆగి, మళ్ళీ వింది. మంచం మీద రబ్బరు మెడ కరకరమంటూ తిరిగింది. ఆమె తలెత్తి చూడలేదు. చూస్తే చెయ్యి వణుకుతుందని తెలుసు.

ఇంకో సూది అందుకుని కుడి కాలరెముక కింద దించింది.

బుస్సుమని గాలి వచ్చింది. దానితోపాటు నెత్తురు ఆమె కళ్ళలో పడింది. చిన్నోడు ఒక్కసారి విల్లులా వంగి, ఊపిరి లాగాడు. బిడ్డ పుట్టి మొదటిసారి ఏడ్చినప్పుడు ఎంత పెద్ద చప్పుడవుతుందో అంత చప్పుడైంది.

పైన ఆపరేషను మొదలుపెట్టేసరికి మూడున్నర. పెద్ద డాక్టరు గారు తలుపు బయట బెంచీ మీద ఆమె పక్కన కూలబడ్డారు. ఆమె మొహం మీది నెత్తురు కూడా కడుక్కోకుండా మొత్తం చెప్పేసింది. ఏడో బెడ్ ఆయన కుడివైపు చూపించాడని చెప్పింది. తను ఆ చెయ్యి మోకాలి కింద పెట్టి తొక్కానని చెప్పింది. మూడేళ్ళుగా ఈ పిల్లలందరికీ అబద్ధం నేర్పామనీ, తన తమ్ముడికి ఇంకా ముందుగా, ఇంకా బాగా నేర్పాననీ చెప్పింది. చెప్పి ఏడ్చింది. ఆయన జేబులోంచి కాగితం తీసి, ఆ పాఠం ఆ క్షణంనుంచి రద్దని రాసి సంతకం పెట్టారు. ఇంకొకటి రాయాలి, నువ్వే రాయి, రోగి చేతిని చూడమని ముందు రాయి అన్నారు.

ఆమె గుండె మీది బరువు దిగింది. ఆ వడ్రంగి అడిగింది ఇదే అయ్యుంటుంది, ఇచ్చేశాను, ఇంక నా తమ్ముణ్ణి నాకు వదిలేస్తాడు అనుకుంది. నిజంగానే అనుకుంది.

సర్జన్ గారు సాయంత్రం ఆరింటికి బయటికొచ్చారు. మాటల మనిషి కాదాయన. బతుకుతాడమ్మా అని ముందు అదే చెప్పారు. ఆమె ఆయన చేతులు పట్టుకోబోయింది. ఆయన వెంటనే వదిలించుకోలేదు. అలాగే నిలబడి, చెప్పాలా వద్దా అన్నట్టు పెద్ద డాక్టరు గారి వైపు చూశారు.

"గుండె మీద నొక్కితే ఎముకలు విరగడం మామూలే. ఎనిమిది విరిగాయి. కానీ నొక్కితే లోపలికి విరుగుతాయి కదండీ" అన్నారు. "ఇవన్నీ బయటికి విరిగాయి. లోపల్నించి తోసినట్టు."

లోపల ఏముంది అని అడిగింది ఆమె. ఏమీ లేదన్నారాయన. రెండుసార్లు చూశామన్నారు. ఎముకలన్నీ సరిచేసి, రేకులు బిగించి, గట్టిగా కుట్టేశామన్నారు.

చిన్నోడిని ఒంటరి గదిలో పడుకోబెట్టారు. కిటికీలోంచి ఇంకా కొంచెం వెలుతురు వస్తోంది. మెడ దగ్గర్నుంచి నడుము దాకా తెల్లటి కట్టు. ఊపిరి నెమ్మదిగా, సమంగా ఆడుతోంది. గొంతక్క పక్కన కుర్చీలో కూర్చుంది. వాడి బుగ్గ మీద ఎండిపోయిన చుక్క తుడవాలనుకుని, నిద్ర పాడవుతుందని మానుకుంది. వాళ్ళమ్మ దారిలో ఉంది, వచ్చేస్తోంది. అమ్మకి ఏం చెప్పాలో ఆలోచిస్తూ కూర్చుంది. చాలాసేపు ఏమీ జరగలేదు.

తర్వాత వాడు కళ్ళు తెరవకుండానే మొహం చిట్లించాడు.

"అక్కా..."

ఏంరా నాన్నా అంది ఆమె.

"చెయ్యి తియ్యవే... అంత గట్టిగా నొక్కకు. నొప్పిగా ఉంది."

ఆమె చేతులు రెండూ ఆమె ఒళ్ళోనే ఉన్నాయి.